క్యారెక్టర్ ఆర్టిస్టు: జంటనగరాల్లో ఒక వృత్తి

తెలుగు సినిమాల్లో, టీవీ సీరియళ్లలో తండ్రి, మేనమామ, ఊరి సర్పంచ్, సీఐ, లెక్చరరు, వకీలు, పక్కింటాయన లాంటి పాత్రలు వేసేవారిని పరిశ్రమలో క్యారెక్టర్ ఆర్టిస్టులు అంటారు. కథ వాళ్ల చుట్టూ తిరగదు. కానీ వాళ్లు లేకపోతే హీరోకు ఇల్లూ ఉండదు, ఊరూ ఉండదు. గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టుకూ వీళ్లకూ తేడా ఉంది. వీళ్ల పాత్రకు పేరు ఉంటుంది, డైలాగు ఉంటుంది, అదృష్టం బాగుంటే ఒక మలుపు కూడా ఉంటుంది. పోస్టర్ మీద మాత్రం చోటు తక్కువ.

ఈ వృత్తిని సాధారణంగా గొప్ప పాత్రల జాబితాగా చెబుతుంటారు. జీతాల చరిత్రగా చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. తెలుగులో రెండు మూడు తరాల క్యారెక్టర్ నటులు మొదట గుమాస్తాలు, పంతుళ్లు, బ్యాంకు ఉద్యోగులు. నటన రెండో పని. నటనే నెల జీతంలా మారడం టెలివిజన్ వచ్చాక జరిగింది. సికింద్రాబాద్ తూర్పున రైల్వే, రక్షణ శాఖ, ప్రభుత్వ సంస్థల ఉద్యోగుల ఇళ్లతో పెరిగిన నేరేడ్‌మెట్, మల్కాజిగిరి, మౌలాలి, ఈసీఐఎల్ ప్రాంతాల వైపు నుంచి చూస్తే ఈ మార్పు స్పష్టంగా కనిపిస్తుంది.

ఆఫీసు, రిహార్సలు, సెలవు చీటీ

ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో తెనాలిలో పుట్టింది. ఆ తర్వాత ఊరూరా వెలసిన పరిషత్తుల పోటీలు తెలుగు క్యారెక్టర్ నటుడికి బడి అయ్యాయి. పోటీల్లో ఆడేవి ఎక్కువగా నాటికలు. సెట్టు తక్కువ, పాత్రలు తక్కువ, మాట బలం ఎక్కువ. సాయంత్రం ఆఫీసు వదలగానే రిహార్సలు, శనివారం రాత్రి బస్సెక్కి పోటీ ఊరికి, సోమవారం ఉదయానికి మళ్లీ కుర్చీలోకి. ఆడేవాళ్లలో చాలామందికి నెల జీతం ఉండేది కాబట్టే ఇది సాగింది. టికెట్ల డబ్బుతో బతకాల్సిన సురభి లాంటి సమాజాల కథ వేరు. ఉద్యోగుల నాటకానికి ఆకలి బాధ లేదు. అందుకే పాత్ర కోసం నెలల తరబడి నలిగే తీరిక దొరికింది.

ఈ బడి నుంచి తెర మీదికి వచ్చినవాళ్ల ఉద్యోగాలు ఒకసారి చూడండి. జె.వి. సోమయాజులు డిప్యూటీ కలెక్టరు. రంగస్థలం మీద దశాబ్దాల అనుభవం ఉన్నా, జనం ఆయన్ని గుర్తుపట్టింది 1980లో ‘శంకరాభరణం’ వచ్చాకే. కోట శ్రీనివాసరావు స్టేట్ బ్యాంకు ఉద్యోగి. సుత్తి వీరభద్రరావు విజయవాడ ఆకాశవాణిలో పనిచేశారు. గొల్లపూడి మారుతీరావు కూడా ఆకాశవాణి మనిషే. రచయితగా 1960ల నుంచే సినిమాల్లో ఉన్నా, నటుడిగా మొదటి పాత్ర 1982లో ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’లో, నలభై దాటాక వేశారు. కళ్లు చిదంబరం, కొండవలస లక్ష్మణరావు ఇద్దరూ విశాఖ పోర్టు ఉద్యోగులు. మొదటాయనకు 1988 నాటి సినిమా పేరే ఇంటిపేరు అయింది. రెండో ఆయనకు అరవై దగ్గరపడుతుండగా, 2002లో వంశీ తీసిన ‘అవును వాళ్లిద్దరూ ఇష్టపడ్డారు’తో గుర్తింపు వచ్చింది. జయప్రకాష్‌రెడ్డి గుంటూరు వైపు లెక్కల మాస్టారు. ఎం.ఎస్. నారాయణ, బ్రహ్మానందం లెక్చరర్లు. గుండు సుదర్శన్ ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పినవారు.

ఇంతమంది పంతుళ్లు రావడం కాకతాళీయం కాకపోవచ్చు. గది చివరి బెంచీ దాకా మాట వినిపించాలి, అరవకూడదు, మధ్యలో ఆగితే పిల్లలు మనల్ని ఆడిస్తారు. కెమెరా ముందు బెదరకుండా నిలబడటానికి ఇంతకన్నా తర్ఫీదు ఏముంటుంది? రెవెన్యూ, బ్యాంకు, పంచాయతీరాజ్ ఉద్యోగులకు ఇంకో ఆస్తి ఉంది. రోజూ ఎదురుగా వచ్చి నిలబడే రకరకాల మనుషులు. అప్పు కోసం వచ్చే రైతు నడుము ఎంత వంచుతాడో, అదే రైతు మీద మోతుబరి గొంతు ఎలా లేస్తుందో వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఇబ్బంది సెలవులతో వచ్చేది. ప్రభుత్వ ఉద్యోగి డబ్బు తీసుకుని మరో పని చేయాలంటే ముందే అనుమతి తెచ్చుకోవాలి. పైగా చాలాకాలం షూటింగులన్నీ మద్రాసులో. మూడు రోజుల పాత్రకు వారం సెలవు పెట్టాలి. ఆర్జిత సెలవులు అయిపోతే జీతం నష్టం మీద వెళ్లాలి. పాత్ర దొరికాక రైలు ఎక్కడం ఒక ఎత్తయితే, ఉద్యోగం వదిలేయాలా వద్దా అన్నది మరో ఎత్తు. ఆ నిర్ణయాన్ని ఎక్కువమంది ఏళ్ల తరబడి వాయిదా వేశారు. కోట 1978లో ‘ప్రాణం ఖరీదు’తో తెరకు వచ్చారు. రాష్ట్రమంతా మాట్లాడుకునేలా చేసింది మాత్రం 1985 నాటి ‘ప్రతిఘటన’. మధ్యలో ఏడేళ్లు. ఇంట్లో పొయ్యి వెలిగించే జీతం మరొకటి లేకపోతే ఇంతకాలం ఎదురుచూడటం ఎవరికి సాధ్యం?

తూర్పు వైపు స్టూడియోలు

పరిశ్రమ హైదరాబాద్‌కు రావడం ఒక్కరోజులో జరగలేదు. అమీర్‌పేటలోని సారథి స్టూడియోస్‌లో తీసిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో విడుదలైంది. అన్నపూర్ణ స్టూడియోస్ 1976లో మొదలైంది. అదే కాలంలో ఎన్.టి. రామారావు నాచారంలో రామకృష్ణ స్టూడియో కట్టారు.  రామోజీ ఫిల్మ్ సిటీ 1996లో వచ్చింది.

ఇవాళ సినిమా అంటే కృష్ణానగర్, ఫిల్మ్‌నగర్, మణికొండ అంటాం గానీ, ఒకప్పుడు నగరం తూర్పు భాగానికీ తెరతో గట్టి సంబంధమే ఉంది. నాచారం స్టూడియో ఇటు వైపుదే. 1977 అక్టోబరు 23న మొదలైన హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రమూ రామంతాపూర్‌లో ఇటే స్థిరపడింది. దక్షిణ మధ్య రైల్వే 1966లో సికింద్రాబాద్ కేంద్రంగా ఏర్పడింది. ఆ మరుసటి ఏడాది ఈసీఐఎల్ వచ్చింది. మాజీ సైనికుల కోసం వెలసిన సైనిక్‌పురి పక్కనే ఉంది. ఇలాంటి చోట స్థిరపడిన ఉద్యోగికి రైల్ కళారంగ్‌లోనో రవీంద్రభారతిలోనో నాటకం వేసి రాత్రికి ఇల్లు చేరడం కష్టమేమీ కాదు. సాయంత్రం రామంతాపూర్‌లో రికార్డింగ్ ఉంటే మధ్యాహ్నం సగం రోజు సెలవు చాలు. మద్రాసు రోజుల వారం సెలవు సగం రోజుకు తగ్గిందన్న మాట. ఈ మార్పును సినిమా చరిత్రకారులు పెద్దగా పట్టించుకోలేదు గానీ, క్యారెక్టర్ నటుల సంఖ్య పెరగడానికి ఇంతకన్నా సూటి కారణం కనబడదు.

మద్రాసు వెళ్లి నిలదొక్కుకున్న తెలంగాణ వారిలో ఎం. ప్రభాకరరెడ్డి ముఖ్యుడు. తుంగతుర్తిలో పుట్టి ఉస్మానియాలో వైద్యం చదివిన డాక్టరు. 1960లో ‘చివరకు మిగిలేది’తో నటుడై, తర్వాత వందల సినిమాల్లో తండ్రిగా, జమీందారుగా, ప్రతినాయకుడిగా కనిపించారు. కథలు రాశారు, సినిమాలు నిర్మించారు. సినీ కార్మికులకు సొంత ఇళ్లుండాలని మణికొండలో తన భూమి ఇచ్చారు. ఇప్పటి చిత్రపురి కాలనీ ఆయన పేరు మీదే ఉంది. లైట్‌బాయ్‌లు, మేకప్‌మన్‌లు, నటులు ఒకే చోట ఉండే కాలనీకి కారణమైంది ఒక క్యారెక్టర్ ఆర్టిస్టు అన్న సంగతి ఆయన నటన కన్నా ఎక్కువ కాలం నిలిచేలా ఉంది.

1980 మార్చిలో విడుదలైన ‘మాభూమి’ ఇంకో దారి వేసింది. బి. నర్సింగరావు నిర్మాతల్లో ఒకరుగా, గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో వచ్చిన ఆ సినిమా రంగస్థలం వాళ్లను, కొత్తవాళ్లను తెచ్చి తెలంగాణ మాటను మాటలాగే పలికించింది. తెలంగాణ శకుంతలకు అదే మొదటి సినిమా. మరాఠీ కుటుంబంలో పుట్టిన ఆమెకు పేరు ముందు తెలంగాణ చేరడం, జనం ఆమెను ‘నువ్వు నేను’, ‘ఒక్కడు’ సినిమాలతో గుర్తుపెట్టుకోవడం ఆ తర్వాతి సంగతి.

వయసు, యాస, ముద్ర

గుమ్మడి వెంకటేశ్వరరావు 1927లో పుట్టారు. ఎన్.టి. రామారావు 1923లో, అక్కినేని నాగేశ్వరరావు 1924లో. అంటే తనకన్నా పెద్దవాళ్లకు గుమ్మడి తెర మీద తండ్రి, అన్న, గురువు అయ్యారు. ముప్ఫై నిండకముందే జుట్టుకు తెల్లరంగు పూసుకోవడం మొదలుపెట్టి, ఇక దాన్ని వదిలించుకోలేకపోయారు. 1962లో ‘మహామంత్రి తిమ్మరుసు’ టైటిల్ పాత్ర దొరికింది గానీ, అదీ పెద్దాయన పాత్రే. క్యారెక్టర్ ఆర్టిస్టుకు వయసు పెరగడం వల్ల నష్టం లేదు. ఒకసారి పెద్దవాడయ్యాక మళ్లీ చిన్నవాడు కాలేడు, అంతే.

యాస ఇంకో పెట్టుబడి. ‘ప్రతిఘటన’లో కోట తెలంగాణ మాటతో వేసిన మంత్రి కాశయ్య ఆయన దశ తిప్పాడు. రెండేళ్లకు ‘అహ నా పెళ్లంట’ పిసినారి వేషంతో హాస్యానికీ పనికొస్తాడని తేలింది. ఆ తర్వాత మూడు దశాబ్దాలకు పైగా ఆయన ఖాళీగా ఉన్న రోజులు తక్కువ. ఏడు వందల యాభైకి పైగా సినిమాలు, తొమ్మిది నందులు, 2015లో పద్మశ్రీ, మధ్యలో విజయవాడ నుంచి ఒక విడత ఎమ్మెల్యే పదవి. 2025 జులై 13న మరణించారు. శిరివెళ్లలో పుట్టిన జయప్రకాష్‌రెడ్డికి రాయలసీమ మాట పుట్టుకతో వచ్చింది. 1997 నాటి ‘ప్రేమించుకుందాం రా’, తర్వాత ‘సమరసింహారెడ్డి’ ఆ మాటకు గిరాకీ తెచ్చాయి. ఫ్యాక్షన్ సినిమాలు తగ్గాక కూడా ఆయన తగ్గలేదు. ‘అలెగ్జాండర్’ అనే ఏకపాత్ర నాటకాన్ని పట్టుకుని మళ్లీ రంగస్థలానికి వెళ్లారు.

అయితే ఇక్కడ ఒక అన్యాయం చాలాకాలం నడిచింది. తెలంగాణ యాసను రౌడీకో, నవ్వించే పనివాడికో ఇచ్చి, మంచి తండ్రికి కృష్ణా జిల్లా మాట ఇచ్చేవారు. ఇక్కడే పుట్టి పెరిగిన నటుడు తండ్రి పాత్ర కోసం తన మాటను మార్చుకోవాల్సి వచ్చేది. ఇది సరైపోవడానికి 2017 నాటి ‘ఫిదా’ దాకా, 2023 నాటి ‘బలగం’ దాకా ఆగాల్సి వచ్చింది.

నెల జీతంగా నటన

దూరదర్శన్ మొదట పరిషత్తు నాటకానికి పెద్దన్నలా నడిచింది. అవే నాటికలు, అదే నటులు, ఎదురుగా మూడు కెమెరాలు. ధర్మవరపు సుబ్రహ్మణ్యం పంచాయతీరాజ్ శాఖలో ఉద్యోగం చేస్తూ దూరదర్శన్ ‘ఆనందో బ్రహ్మ’తో ఇంటింటికీ తెలిశారు. 1989లో జంధ్యాల ‘జయమ్ము నిశ్చయమ్మురా’తో సినిమాకు వెళ్లారు. 2001లో ‘నువ్వు నేను’ లెక్చరరు పాత్ర ఆయనకు రెండో జన్మ. పాత ఉద్యోగి నటుల వరుసకూ టీవీ తరానికీ మధ్య ఆయన వంతెన.

1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. దూరదర్శన్‌లో ‘ఋతురాగాలు’ రోజువారీ సీరియల్ అలవాటును తెచ్చింది. మంజుల నాయుడు దర్శకత్వంలోనే తర్వాత జెమినీలో ‘చక్రవాకం’, ‘మొగలిరేకులు’ ఒక్కొక్కటి వెయ్యి ఎపిసోడ్లు దాటాయి. వెయ్యి ఎపిసోడ్లంటే నటుడికి నాలుగైదేళ్ల పని. ఇంతకుముందు ఏ క్యారెక్టర్ ఆర్టిస్టుకూ దొరకని భరోసా అది. బ్యాంకు నుంచి ఇంటి అప్పు తీసుకోగలిగిన తొలి నటుల తరం ఇదేనంటే అతిశయోక్తి కాదు.

ఈ జీతం లెక్క ఇలా ఉంటుంది. పారితోషికం రోజు లెక్కన. నెలకు ఇన్ని రోజుల కాల్షీట్లు అని మాట. కథలో మీ ట్రాక్ నడుస్తుంటే ఎక్కువ రోజులు, ట్రాక్ పక్కకు జరిగితే ఫోను మోగదు. రేటింగు పడిపోతే బాబాయి ఉన్నట్టుండి అమెరికా వెళ్లిపోతాడు, లేదా గోడ మీద దండ వేసిన ఫోటో అవుతాడు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు రెండు మూడు సీరియళ్లు చేతిలో పెట్టుకుంటారు. అప్పుడు తేదీల తగాదా. ఒక మేనేజరు ఉదయం తొమ్మిదికి రమ్మంటాడు, ఇంకొకడు మధ్యాహ్నం నుంచి కాంబినేషన్ ఉందంటాడు. కాంబినేషన్ అంటే పెద్ద ఆర్టిస్టుతో కలిసి ఉన్న సీను, దాన్ని వదులుకోకూడదు. ఒంటరి క్లోజప్పులు, ఎదుటి మనిషి భుజం మాత్రమే కనిపించే సజెషన్ షాట్లు ఎప్పుడైనా తీసుకోవచ్చు.

సెట్లో డైలాగు ముందు రోజే చేతికి వస్తుందన్న నమ్మకం లేదు. పేపరు వేడివేడిగా వస్తుంది. అసిస్టెంటు డైరెక్టరు పక్కన నిలబడి ప్రాంప్టింగ్ చెబుతుంటాడు, నటుడు విని, అందులో భావం నింపి, ఎదుటి మనిషి కళ్లలోకి చూస్తూ చెప్పాలి. పరిషత్తు నాటకాల్లో పేజీల కొద్దీ కంఠస్థం చేసిన వాళ్లు దీన్ని మొదట చిన్నచూపు చూశారు. తర్వాత ఇదీ ఒక విద్యే అని ఒప్పుకున్నారు. వింటూ చెప్పడం, చెబుతూ నటించడం అందరికీ పట్టుబడదు. దుస్తులు చాలాసార్లు సొంతవే. సీరియల్ అత్తగారి బీరువాలో చీరలు ఎన్నున్నాయో పాత్రకు అంత ఆయుష్షు.

పేరు తెచ్చిన సీరియళ్లూ ఉన్నాయి, ముద్ర వేసినవీ ఉన్నాయి. 2001 నుంచి జెమినీలో ‘అమృతం’ నడిచిన కాలంలో గుండు హనుమంతరావు ఆంజనేయులుగా ఎంత స్థిరపడ్డారంటే, 1987 నుంచి వేసిన సినిమా పాత్రలన్నీ దాని వెనక్కి పోయాయి. శివన్నారాయణ అప్పాజీ, వాసు ఇంటూరి సర్వం అయిపోయారు. రాజీవ్ కనకాల, సమీర్ ‘ఋతురాగాలు’ నుంచి సినిమాకు వెళ్లి నిలబడ్డారు. అచ్యుత్ సీరియళ్లలో హీరో స్థాయి అందుకుని, 1999లో ‘తమ్ముడు’లో అన్న పాత్రతో సినిమా ప్రేక్షకులకూ దగ్గరై, 2002 డిసెంబరులో గుండెపోటుతో నడివయసులోనే పోయారు. సీరియల్ మొహం అన్న మాట సినిమా ఆఫీసుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. రోజూ ఉచితంగా కనిపించే మనిషిని చూడటానికి జనం టికెట్ కొనరన్నది దాని వెనక వాదం. హీరో విషయంలో ఏమో గానీ, తండ్రి పాత్రకు ఆ వాదం వర్తించదు. ప్రేక్షకుడికి అప్పటికే తెలిసిన మొహం ఉంటే దర్శకుడికి ఒక పరిచయ సీను మిగులుతుంది.

మూడో ఆదాయం గొంతు. పి.జె. శర్మ నటుడిగా కన్నా డబ్బింగ్ కళాకారుడిగా ఎక్కువ పనిచేశారు. ఆయన కొడుకు సాయికుమార్ సుమన్‌కూ రాజశేఖర్‌కూ ఏళ్ల తరబడి గొంతు అయ్యారు. డబ్బింగ్ జానకికి వృత్తే పేరులో చేరింది. కన్నడం, మలయాళం నుంచి సీరియల్ నాయికలు రావడం పెరిగాక ఈ పనికి గిరాకీ ఇంకా పెరిగింది. 2017లో మొదలై ఐదేళ్లకు పైగా నడిచిన ‘కార్తీకదీపం’ నాయిక ప్రేమి విశ్వనాథ్ కేరళ నటి. నాయిక ఎక్కడి నుంచి వచ్చినా, అత్త, మామ, పనిమనిషి పాత్రలకు ఇక్కడి మాట తెలిసినవాళ్లే కావాలి. బయటి నటుల మీద తెలుగు కళాకారులు నిరసన తెలిపిన సందర్భాల్లోనూ క్యారెక్టర్ ఆర్టిస్టులకు మిగతావాళ్ల కన్నా కాస్త రక్షణ ఉన్నది ఇందువల్లే.

దూరం, అనారోగ్యం, ముసలితనం

నేరేడ్‌మెట్ నుంచి పనికి వెళ్లే నటుడికి ఇప్పటి భూగోళం అనుకూలం కాదు. నాచారం స్టూడియో వెలుగు తగ్గింది. పని బంజారాహిల్స్, మణికొండ వైపు జరిగింది, ఈటీవీ సీరియళ్లకైతే అబ్దుల్లాపూర్‌మెట్ దాటి రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్లాలి. ఔటర్ రింగ్ రోడ్డు రెండో ప్రయాణాన్ని తేలిక చేసింది గానీ మొదటిదాన్ని కాదు. ఆడిషన్ అని పిలిస్తే అరగంటలో ప్రత్యక్షం కాగలిగేవాడు కృష్ణానగర్‌లో ఉన్నవాడే. అందుకే కొత్తవాళ్లు అక్కడ ఇరుకు గదుల్లో ఉంటారు. భార్యకో భర్తకో ఇటువైపు ఉద్యోగం, పిల్లలకు ఇటే బడి ఉన్నవాళ్లు మాత్రం ప్రయాణానికి సిద్ధపడతారు. ఇంట్లో రెండో జీతం ఉంటేనే ఈ వృత్తి సాగుతుందన్న పాత సూత్రం ఇక్కడ మరో రూపంలో పనిచేస్తుంది.

అనారోగ్యం వచ్చినప్పుడు రోజు లెక్కన బతికేవాడి పరిస్థితి తెలిసిందే. నూతన్ ప్రసాద్ 1989లో ‘బామ్మ మాట బంగారు బాట’ షూటింగ్ ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని చక్రాల కుర్చీకి పరిమితమయ్యారు. అయినా కూర్చునే పాత్రలు వేశారు. ఈటీవీ ‘నేరాలు-ఘోరాలు’లో ఆ గొంతు వినని తెలుగిల్లు లేదు. 2011లో మరణించే దాకా పనిలోనే ఉన్నారు. అలాంటి గొంతు, అంత పట్టుదల అందరికీ ఉండవు. 1993లో ఏర్పడిన మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ పేద కళాకారులకు పింఛన్లు, బీమా వంటివి చూస్తోంది. 2020లో కొవిడ్ వల్ల షూటింగులు ఆగినప్పుడు పరిశ్రమ పెద్దలు కరోనా క్రైసిస్ చారిటీ పేరుతో నిత్యావసరాలు పంచారు. తెర మీద ఊరికి అన్నం పెట్టిన పెద్దలు సాయంగా వచ్చిన బియ్యం తీసుకోవాల్సి రావడం ఈ వృత్తి గురించి ఏ వ్యాసమూ చెప్పలేనంత చెప్పింది.

ఈ దశాబ్దం

నటన నేర్పే బడి కూడా మారింది. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివిన దేవదాస్ కనకాల మద్రాసులో, తర్వాత హైదరాబాద్‌లో నటన నేర్పారు. ఆయన శిష్యుల్లో చిరంజీవి, రాజేంద్రప్రసాద్, శుభలేఖ సుధాకర్ ఉన్నారు. తానేమో ఎక్కువగా చిన్న పాత్రలే వేశారు. 2013 నుంచి ఈటీవీ ‘జబర్దస్త్’ కొత్త రకం పరిషత్తు అయింది. ‘రంగస్థలం’లో కనిపించిన మహేష్ ఆచంట అక్కడి నుంచి వచ్చినవాడే, ‘బలగం’ దర్శకుడు వేణు యెల్దండి కూడా.

‘బలగం’ చూస్తే ఉద్యోగి నటుడు పూర్తిగా పోలేదని తెలుస్తుంది. అందులో నటించిన మురళీధర్ గౌడ్ విద్యుత్ శాఖలో పదవీ విరమణ దాకా పనిచేసి, ఆ తర్వాత నటనను పూర్తిస్థాయి పని చేసుకున్నారు. 2022లో ‘డీజే టిల్లు’ తండ్రిగా పేరు వచ్చింది. ప్రసాద్ ల్యాబ్‌లో ఏళ్ల తరబడి ఉద్యోగం చేసిన నాగినీడు 2010లో ‘మర్యాద రామన్న’తో ప్రతినాయకుడయ్యారు. ‘మిడిల్ క్లాస్ మెలొడీస్’లో కొండలరావుగా మెప్పించిన గోపరాజు రమణ వెనుక దశాబ్దాల నాటకం ఉంది. మొదట పింఛను, తర్వాత పేరు. కోట తరం ఉద్యోగాన్ని ఎప్పుడు వదలాలా అని తర్జనభర్జన పడితే, వీళ్లకు ఆ చిక్కు లేదు.

నంది పురస్కారాల్లో ఉత్తమ క్యారెక్టర్ నటుడికి ఎస్.వి. రంగారావు పేరిట బహుమతి ఉండేది. టీవీకి వేరే నందులు. రాష్ట్ర విభజన తర్వాత ఆ వరుస తెగింది. తెలంగాణ ప్రభుత్వం 2025 జూన్‌లో ఇచ్చిన గద్దర్ పురస్కారాల్లో 2024 సంవత్సరానికి ఉత్తమ సహాయ నటి శరణ్య ప్రదీప్, సినిమా ‘అంబాజీపేట మ్యారేజి బ్యాండు’. ‘ఫిదా’లో నాయిక అక్కగా తెలియకముందు ఆమె టీవీలో వార్తలు చదివేవారు.